కేసు ఇంటర్వ్యూ అంటే టెన్షనా? ముందు ఎక్కడ ఆగిపోతున్నారో చూడండి

ప్లేస్‌మెంట్ల సీజన్ వస్తోందంటే బరంపురంలో మా మేడ మీది గదికి ఇద్దరు ముగ్గురు పిల్లలు మాక్ ఇంటర్వ్యూలకు, అంటే సాధన కోసం చేసే ఉత్తుత్తి ఇంటర్వ్యూలకు, వస్తుంటారు. కంపెనీలకు సలహాలిచ్చే కన్సల్టింగ్ ఉద్యోగం కావాలి, కానీ ఒక వ్యాపార సమస్య ఇచ్చి దాన్ని ఎలా విప్పుతారో చూసే కేసు ఇంటర్వ్యూ అంటే భయం. "టెన్షన్ అన్నయ్యా" అంటారు. ఆ ఒక్క మాటతో నాకేం తెలుస్తుంది? ఏ నిమిషంలో నోరు పెగల్లేదో చెప్పమంటాను.

సమస్య: కేసు వినగానే బుర్ర ఖాళీ

కారణం: బట్టీ పట్టిన ఫ్రేమ్‌వర్కుల్లో (సమస్యను విడగొట్టే రెడీమేడ్ చట్రాల్లో) ఇది దేనికి సరిపోతుందా అని లోపల వెతుకులాట మొదలవుతుంది. దొరకదు. గదిలో నిశ్శబ్దం పెరిగేకొద్దీ భయం పెరుగుతుంది.

పరిష్కారం: పూర్తి మాక్ వద్దు. మొదటి మూడు నిమిషాలే, రోజుకు ఐదుసార్లు. మొన్న ఒకమ్మాయికి ఇలా ఇచ్చాను: "అప్పడాల కొట్టు. అమ్మకాలు తగ్గలేదు, లాభం తగ్గింది. ఎందుకు?" వెంటనే మార్కెట్టు, పోటీదారులు అంటూ అందుకుంది. ఆపి, "ఇదే మీ అమ్మగారికి చెబితే ఏమడుగుతారు?" అన్నాను. "మినప్పప్పు రేటు పెరిగిందా అంటుంది" అని నవ్వేసింది. కేసు అక్కడే సగం తెరుచుకుంది. పప్పు, కూలి, అద్దె, ప్యాకింగ్ అని ఖర్చులన్నీ వరసగా వచ్చాయి. కానీ అంతకన్నా ముందు అడగాల్సింది ఇంకోటుంది: అమ్మకాలంటే ప్యాకెట్లా, రూపాయలా? ప్యాకెట్లు అన్నే పోతున్నా డిస్కౌంట్లు పెరిగితే వచ్చే డబ్బు తగ్గుతుంది కదా. ఈ ప్రశ్న అడిగి, ఒక నిమిషం టైమ్ కావాలని చెప్పి, కాగితం మీద గీసుకోండి. నిమిషం అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

సమస్య: లెక్క దగ్గర తడబాటు

కారణం: ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, ఇంటర్వ్యూలో ఇంగ్లీషు. ఎక్కాలు ఏ భాషలో వచ్చాయో లెక్క ఆ భాషలోనే నడుస్తుంది. దానికి తోడు మనవి లక్షలు, కోట్లు, వాళ్ళవి మిలియన్లు. నేనే ఒకసారి 12 కోట్లను 12 మిలియన్లని చెప్పేసి, ఆపై లెక్కంతా దాని మీదే కట్టాను. అవతలాయన పెన్ను కింద పెట్టేశాడు.

పరిష్కారం: 10 లక్షలు ఒక మిలియన్, 100 కోట్లు ఒక బిలియన్. ఇది కాగితం మూల మీద రాసుకునే కూర్చోండి. లెక్క ఏ భాషలో చేసినా ప్రతి మెట్టూ పైకి ఇంగ్లీషులో చెప్పడం మాక్‌లోనే అలవాటు చేసుకోండి. ఉదాహరణకు, బరంపురంలో నెలకు ఎన్ని అప్పడాల ప్యాకెట్లు పోతాయని అడిగారనుకోండి. 2011 లెక్కల్లో బరంపురం జనాభా మూడున్నర లక్షల పైచిలుకు. 3.6 లక్షలనుకుని, ఇంటికి 4.5 మంది చొప్పున భాగిస్తే 80 వేల ఇళ్ళు. సగం ఇళ్ళు నెలకో అప్పడాల ప్యాకెట్ కొంటే 40 వేలు. రౌండ్ చేసిన అంకె వాడానని ముందే చెబితే చాలు, అది తప్పు కాదు.

సమస్య: స్నేహితుడి ముందు బాగానే వస్తుంది, కొత్తవాళ్ళ ముందు రాదు

కారణం: స్నేహితుడు తలూపుతాడు, ఆగితే అందిస్తాడు. అది మాక్ కాదు, కబుర్లు.

పరిష్కారం: మనిషిని మార్చండి. విశాఖలో ఉన్న బంధువునో, రిటైరైన బ్యాంకు మేనేజర్ బాబాయ్‌నో వీడియోలో కూర్చోబెట్టండి. తలూపొద్దని, మధ్యలో "ఎందుకలా?" అని ఆపమని ముందే చెప్పండి. రెండు రకాలూ చేయండి: పెద్ద కన్సల్టింగ్ కంపెనీల్లో మెకిన్సీలో ఎక్కువగా ఇంటర్వ్యూ చేసేవారే ప్రశ్న తర్వాత ప్రశ్నగా కేసు నడిపిస్తారు, బీసీజీ, బెయిన్‌లలో చాలావరకు మీరే నడపాలి. ఒకదానికే అలవాటు పడినవాళ్ళు రెండోదానిలో బిక్కచచ్చిపోవడం చూశాను.

సమస్య: 'మీ గురించి చెప్పండి' అంటే పాఠం అప్పజెప్పినట్టుంటుంది

మొత్తం రాసుకోవడమే కారణం. నాలుగు మాటలు మాత్రం చీటీ మీద రాసుకుని, ప్రతి మాక్‌లో వేరే వాక్యాలతో చెప్పండి.

సమస్య: మాక్‌లు పెరిగేకొద్దీ భయమూ పెరుగుతోంది

కారణం: పది మాక్‌ల్లో అదే తప్పు పదిసార్లు చేస్తున్నారు.

పరిష్కారం: మాక్ అయ్యాక ఒక్క తప్పే నోట్‌బుక్‌లో రాయండి, మర్నాడు దాని మీదే పని చేయండి. ఇంటర్వ్యూ ముందురోజు మాక్ పెట్టుకోవద్దు, గోపాలపూర్ బీచ్‌కి వెళ్ళి రండి. వారాల తరబడి నిద్ర, తిండి లేకపోతే మాత్రం అది మాక్‌లతో తీరేది కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి, డబ్బేమీ కట్టక్కర్లేదు.