దేవుణ్ణి గుర్తు అడిగే ముందు

"ప్రభువా, ఇది నీ చిత్తమైతే పదింటిలోపు ఫోన్ రావాలి" అని నేనూ ప్రార్థన చేశాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానంలో కొబ్బరి చెట్లు కూల్చేశాక, ఊళ్లోనే ఉండాలా, హైదరాబాద్ వెళ్లిపోవాలా అని ఒకటే టెన్షన్. ఫోన్ వచ్చింది, కానీ మామయ్య ఇంకేదో పని మీద చేశాడు. అది అవునో కాదో తేలక మరో రెండు రాత్రులు నిద్ర లేదు, ఇంకో గుర్తు అడగాలనిపించింది.

అందుకే ముందు మీ ప్రశ్నని నోట్‌బుక్‌లో ఒక్క వాక్యంగా రాయండి. దానికి బైబిల్లో జవాబు ఇప్పటికే ఉందేమో చూడండి. తమ్ముడి వాటా తమ్ముడికి ఇవ్వాలా అన్నదానికి గుర్తు అక్కర్లేదు.

గుర్తు అడగడం అనగానే అందరూ గిద్యోను గొర్రెబొచ్చు గురించి చెబుతారు. దేవుడు యుద్ధానికి పిలిస్తే, నిజమో కాదో తేల్చుకోవడానికి రాత్రి కళ్లంలో గొర్రెబొచ్చు పెట్టి గుర్తు అడిగినవాడు ఆయన. బైబిల్లో న్యాయాధిపతులు 6వ అధ్యాయం 36వ వచనం నుంచి కాకుండా మొదటి నుంచి చదవండి. బొచ్చు కళ్లంలో పెట్టకముందే, 16వ వచనంలోనే, నేను నీకు తోడుగా ఉంటానని దేవుడు చెప్పేశాడు. మొదటి రాత్రి నేల ఆరి బొచ్చు తడిసింది, పిండితే గిన్నెడు నీళ్లొచ్చాయి, అయినా ధైర్యం చాలక, కోప్పడొద్దని బతిమాలుకుంటూ మర్నాడు బొచ్చు ఆరి నేల తడవాలని తిరగేసి అడిగాడు. దేవుడు ఆ భయస్థుణ్ణి ఓర్చుకున్నాడు. అది ఆయన జాలి, మనకు నేర్పిన పద్ధతి కాదని నా నమ్మకం.

అడగొద్దని కాదు. పెళ్లి సంబంధం లాంటి వాటికి ఆదికాండము 24 చూడండి. అబ్రాహాము కొడుక్కి పిల్లని వెతకడానికి వెళ్లిన దాసుడు ఫలానా రంగు బట్టలు కట్టుకున్న అమ్మాయి రావాలని అడగలేదు, నీళ్లు అడిగితే ఒంటెలకూ తోడిపోస్తానన్న పిల్ల కావాలన్నాడు. పది ఒంటెలకు బావి నీళ్లు తోడడమంటే మాటలా! ఆ గుర్తులోనే ఆ అమ్మాయి మనసు తెలిసిపోయింది. మీరూ అలాంటిదే అడగండి, అబ్బాయి ఇంట్లో వాళ్లమ్మతో ఎలా మాట్లాడతాడో చూపించమనండి.

డిసెంబరు 31 రాత్రి చర్చిలో తీసుకున్న, బైబిలు వచనం రాసున్న వాగ్దాన కార్డు పట్టుకుని పొలం అమ్మేయకండి, ఆ వచనమున్న అధ్యాయం మొత్తం చదవండి, సంఘంలో మీకు ముఖం మీదే చెప్పగల పెద్దవాళ్లని అడగండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. మన ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని ఊరు వెతుక్కోవాలి. దేవుడు బాగుచేస్తాడో లేదో చూద్దామని దయచేసి ఎవరూ డయాలసిస్ మానకండి. దేవాలయ శిఖరం మీద నుంచి దూకమని సాతాను అన్నప్పుడు, దేవుణ్ణి శోధించకూడదని, అంటే పరీక్షించకూడదని, యేసు ప్రభువే అన్నాడు (మత్తయి 4:7). మిషన్ మీద పడుకుని చేసిన ప్రార్థనా ఆయన వింటాడు.

ఇవన్నీ చేశాక కూడా ఏ గుర్తూ రాకపోతే, చేతనైన ఒక్క అడుగు వేయండి, అబ్రాహాము ఎక్కడికో తెలియకుండానే బయలుదేరాడు. మాకు ఏ గుర్తూ రాలేదు. హైదరాబాద్ వెళ్లలేదు. పాత చెట్లు కూలిన గోతుల పక్కనే కొబ్బరి మొక్కలు వేశాం, వేసిన తేదీ ఆ నోట్‌బుక్‌లో ప్రశ్న కిందే రాసుకున్నాను.