రివాల్వర్ మొరాయిస్తే: లక్షణాన్ని బట్టి కారణం, మరమ్మతు

రివాల్వర్ అరుదుగా మొరాయిస్తుంది. మొరాయించిందంటే మాత్రం చాలాసార్లు పూర్తిగా బిగుసుకుపోతుంది. పిస్టల్ స్లైడ్ లాగినట్టు ఒక్క లాగుతో సరిచేసే వీలు ఇందులో లేదు. మూలం వెతికితే తరచూ తేలేవి మూడే: మురికి, వదులైన స్క్రూ, ట్రిగ్గర్ ఇంకా తేలిగ్గా ఉండాలన్న యజమాని ముచ్చట. గన్‌స్మిత్‌కు (తుపాకులు బాగుచేసేవారికి) ఇచ్చే ముందు ఈ మూడింటినీ మీరే చూడవచ్చు. కాల్చి చూడాల్సినవి షూటింగ్ రేంజ్‌లోనే చూడాలి. మిగతా ఏ పరీక్షకైనా ముందు సిలిండర్ (తూటాలు పట్టే తిరుగుడు దిమ్మ) తెరిచి, ప్రతి ఛాంబర్ (అందులో తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందో లేదో కళ్లతో చూసుకోండి. తూటాలను వేరే గదిలో పెట్టండి.

టిక్‌మంది, తూటా పేలలేదు

ముందుగా గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. ప్రైమర్ (దెబ్బ తగిలి మందును అంటించే, తూటా అడుగున ఉండే చిన్న మూత) ఆలస్యంగా అంటుకునే అవకాశం ఉంది. వెంటనే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే సిలిండర్ తిరిగి ఆ తూటా బ్యారెల్ ముందు నుంచి పక్కకు జరుగుతుంది. అక్కడ పేలితే గుండుకు బయటికి పోయే దారి ఉండదు.

తర్వాత ప్రైమర్ మీద పడ్డ గుంటను చూడండి. లోతుగా పడి కూడా పేలకపోతే లోపం తూటాది. పైపైన పడితే రివాల్వర్‌ది. స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ కె, ఎల్, ఎన్ ఫ్రేముల్లో (రివాల్వర్ సైజుల్లో) పిడి ముందు అంచున, అడుగు భాగంలో ఒక చిన్న స్క్రూ ఉంటుంది. హ్యామర్‌ను (ప్రైమర్‌ను కొట్టే సుత్తిని) నడిపే, పట్టీలాంటి మెయిన్ స్ప్రింగ్‌ను వంచి పట్టేది అదే. ట్రిగ్గర్ తేలికవుతుందని కొందరు దాన్ని వెనక్కి తిప్పుతారు, కొన్నిసార్లు అదే వదులవుతుంది. చివరి వరకూ బిగించండి, చాలాసార్లు రోగం అక్కడితో కుదురుతుంది.

తేలికపాటి స్ప్రింగ్‌ల సంగతి వేరు. ఫెడరల్ ప్రైమర్లు మిగతావాటికన్నా మెత్తన కాబట్టి బలహీనమైన దెబ్బకూ పేలుతాయి. ఆ తూటాలతో రేంజ్‌లో అంతా బాగుందనుకుని, గట్టి ప్రైమర్ ఉన్న తూటాలు నింపి నడుముకు కట్టుకుంటే మోసపోతారు. వెంట ఉంచుకునే తూటాలతోనే, అదీ డబుల్ యాక్షన్‌లోనే (హ్యామర్‌ను చేత్తో లాగకుండా, ట్రిగ్గర్ ఒక్కటే నొక్కి) పరీక్షించాలి. డబుల్ యాక్షన్‌లో హ్యామర్ వెనక్కి పోయే దూరం తక్కువ, దెబ్బలో బలమూ తక్కువే. వెంట ఉంచుకునే రివాల్వర్‌కు ఫ్యాక్టరీ మెయిన్ స్ప్రింగే మంచిదని నా గట్టి అభిప్రాయం. ట్రిగ్గర్ నున్నగా కావాలంటే లోపలి భాగాలను మెరుగు పెట్టించుకోండి, స్ప్రింగ్ జోలికి పోవద్దు.

ఇంట్లో నింపిన తూటా మొదటి దెబ్బకు పేలక రెండో దెబ్బకు పేలితే, చాలాసార్లు ప్రైమర్ అడుగుకంటా కూర్చోలేదని అర్థం.

సిలిండర్ మూసుకోదు, లేదా తిరగడానికి మొండికేస్తుంది

ముందు ఎజెక్టర్ రాడ్ (పేలిన తూటాల ఖాళీ కేసులను, అంటే ఇత్తడి తొడుగులను, బయటికి నెట్టే కడ్డీ) నొక్కి, పైకి లేచిన నక్షత్రం ఆకారపు భాగం కిందకు చూడండి. కాలని మందు పలుకులు నాలుగైదు ఉన్నా చాలు. పాత టూత్‌బ్రష్‌తో దులపండి. అక్కడ నూనె రాయకండి, పలుకులు దానికే అంటుకుంటాయి. గొట్టాన్ని నేల వైపు దించి ఖాళీ కేసులు తీయడం వల్ల వచ్చే తంటా ఇది. గొట్టం ఆకాశం వైపు ఎత్తి, అరచేత్తో రాడ్‌ను ఒక్క దెబ్బ గట్టిగా కొడితే కేసులతో పాటు చెత్త కూడా రాలిపోతుంది.

అసలు తెరుచుకోకపోతే ఎజెక్టర్ రాడ్ మర వదులై పొడవు పెరిగి ఉండవచ్చు. నేటి స్మిత్ అండ్ వెస్సన్‌లలో అది ఎడమ మర. మామూలు స్క్రూలా కుడివైపు తిప్పితే ఇంకా ఊడుతుంది. బిగించేటప్పుడు ఛాంబర్లలో ఖాళీ కేసులు పెట్టండి, లేకపోతే నక్షత్రం మీద బరువు పడి వంగే ప్రమాదం ఉంది.

తేలికైన మ్యాగ్నం (ఎక్కువ శక్తిగల తూటాలు కాల్చే) రివాల్వర్లలో మరో చిక్కు. వెనుదన్ను ధాటికి మిగిలిన తూటాల్లోని గుండ్లు కేసుల్లోంచి ముందుకు జరిగి, సిలిండర్ దాటి ఫ్రేమ్‌కు తగులుకుంటాయి. ఒక్క తూటా మిగిల్చి మిగతావన్నీ కాల్చి, మిగిలినదాని పొడవును కొత్తదానితో పోల్చండి. పెరిగితే ఆ రకం తూటాలు మానేయాలి, అంతే.

శబ్దం చప్పగా వచ్చింది

ఆపేయండి. గుండు బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండవచ్చు. తూటాలు తీసి, గొట్టంలో వెలుగు కనబడిందని తేలాకే మళ్లీ కాల్చాలి.

ఖాళీ కేసులు ఊడిరావు

.357 మ్యాగ్నంలో .38 స్పెషల్ కాల్చేవారికి ఇది అలవాటైన తలనొప్పి. .38 కేసు పొడవు 1.155 అంగుళాలు, .357ది 1.290. పొట్టి కేసు ముగిసే చోట మసి వలయంలా పేరుకుని, పొడవు కేసు అక్కడ పట్టుకుంటుంది. మసి కరిగే ద్రావకం వేసి కొంతసేపు నానబెట్టి, ఇత్తడి బ్రష్‌తో రుద్దండి. ఒక్క కేసు మాత్రమే ఊడకపోతే ఎడమవైపు గ్రిప్ అంచుకు తగులుతోందేమో చూడండి. అక్కడ కొంచెం చెక్కిస్తే సరిపోతుంది.

గురి ఒకచోట, దెబ్బ ఒకచోట

కుడిచేతి వాటం వారికి దెబ్బలు ఎడమవైపు కిందికి పడుతుంటే ముందుగా అనుమానించాల్సింది చేతినే. సిలిండర్‌లో అసలు తూటాల మధ్య ఒకటి రెండు డమ్మీలు (పేలని ఉత్తుత్తి తూటాలు) కలిపి, చూడకుండా తిప్పి మూయండి. డమ్మీ వచ్చినప్పుడు గొట్టం కిందికి వంగితే దోషి ఎవరో తెలిసిపోతుంది.

దెబ్బలన్నీ దగ్గర దగ్గరగానే పడుతూ గురికి పైనో కిందో ఉంటే గుండు బరువు మార్చి చూడండి. బరువైన గుండు బ్యారెల్‌లో ఎక్కువసేపు ఉంటుంది, ఆలోగా గొట్టం లేస్తుంది, దెబ్బ పైకి పడుతుంది. స్థిరమైన సైట్లు (గురి చూసే గుర్తులు) ఉన్న .38లు చాలావరకు 158 గ్రెయిన్ల (దాదాపు 10 గ్రాముల) గుండుకు సరిపెట్టినవి. ముందు సైట్‌ను అరగదీస్తే దెబ్బ పైకి వెళ్తుంది గానీ, అరిగిన లోహం తిరిగి రాదు.

పక్కనున్నవారి మీదికి సీసపు రజను ఎగురుతోంది

ఛాంబర్, బ్యారెల్ ఒకే వరుసలోకి రావడం లేదు. ఖాళీ రివాల్వర్‌లో సిలిండర్‌ను వేలితో కొద్దిగా అదిమి పట్టి హ్యామర్‌ను మెల్లగా వెనక్కి లాగండి. హ్యామర్ ఆగేలోపే సిలిండర్ గాడిలో పడి నిలవాలి. నిలవకపోతే అది గన్‌స్మిత్ పని, ఇంట్లో ఆకురాయి పట్టొద్దు.

జేబులోంచి తీస్తే తట్టుకుంటోంది

హ్యామర్ కొమ్ము గుడ్డకు చిక్కుతోంది. కొమ్ము కోయించవచ్చు, అయితే సింగిల్ యాక్షన్ (హ్యామర్‌ను ముందే చేత్తో వెనక్కి లాగి కాల్చే) సౌకర్యం దాదాపు పోయినట్టే. హ్యామర్ లోపలే దాగి ఉండే మోడల్ కొనడం ఇంకా తేలిక. ఏదైనా సరే, ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే ఒర లేకుండా జేబులో పెట్టకూడదు, ఆ జేబులో తాళాలూ నాణేలూ ఉండకూడదు. ఒర ఉన్నా నూలు పోగులు నక్షత్రం కిందికీ, ఫైరింగ్ పిన్ రంధ్రంలోకీ చేరతాయి. వారానికోసారి తూటాలు తీసి పొడి బ్రష్‌తో దులిపి, చెమట తగిలే వైపు నూనె గుడ్డతో పలచగా తుడవండి. ఛాంబర్లు మాత్రం పొడిగానే ఉండాలి, నూనె ప్రైమర్‌లోకి దిగితే తూటా చచ్చిపోవచ్చు.