లిఫ్ట్ చేసిన ట్రక్కులో వెనుక గడగడ: శబ్దాన్ని బట్టి కారణం పట్టుకోవడం, సరిచేయడం

బండి ఎత్తు పెంచిన కొన్నాళ్లకు వెనుక నుంచి గడగడ మొదలవుతుంది. ఎక్కువమంది వెంటనే షాకబ్జార్బర్లు మార్చేస్తారు. డబ్బు ఖర్చవుతుంది, శబ్దం అలాగే ఉంటుంది. కొత్తగా లిఫ్ట్ చేసిన బండిలో నేను ముందు అనుమానించేది అరిగిన సామాను కాదు, సరిగ్గా బిగియని జాయింటు. లేదా ఎత్తు పెరిగాక పొడవు చాలకుండా పోయిన భాగం.

లిఫ్ట్ చేయడమంటే వెనుక హౌసింగుకీ (ఇరుసు ఉండే గొట్టం) ఛాసిస్‌కీ మధ్య దూరం పెంచడమే. ఆ రెంటి మధ్య ఉండే ప్రతి వస్తువూ ఆ మార్పుకు సర్దుకోవాలి. షాకబ్జార్బర్లు, కమాన్ల (ఉక్కు పట్టీలు పేర్చిన స్ప్రింగుల) షాకిళ్లు, అంటే కమాను చివరను ఛాసిస్‌కు కలిపే లింకులు, యూ బోల్టులు, బ్రేకు హోసు, హ్యాండ్ బ్రేకు కేబుల్, ప్రొపెల్లర్ షాఫ్టు, అన్నీ అంతే. వెతుకులాట ఇక్కడే మొదలుపెట్టండి. కింద రాసింది వెనుక కమాను కట్టలున్న ట్రక్కుల గురించి. కాయిల్ స్ప్రింగుల సంగతి చివర్లో చెబుతాను.

ముందు శబ్దాన్ని వినండి

మొదట వెనుక తొట్టి పూర్తిగా ఖాళీ చేయండి. జాకీ, గొలుసు, పనిముట్ల డబ్బా, ఏదీ ఉంచొద్దు. కింద వేలాడే స్టెప్నీని చేత్తో గట్టిగా ఊపి చూడండి. దాన్ని పట్టి ఉంచే గొలుసు వదులైతే అచ్చం సస్పెన్షన్ శబ్దంలాగే వినిపిస్తుంది. వెనుక తలుపును కూడా పట్టుకుని ఊపండి. ఈ పది నిమిషాల పని చేయకుండా బండి కిందికి దూరకండి.

తర్వాత కంకర దారి మీద, గంటకు 15 నుంచి 20 కిలోమీటర్ల వేగంలో, అద్దాలు దించి నడపండి. వెనుక తొట్టిలో మనిషిని కూర్చోబెట్టకండి, అది ప్రమాదం. పక్కన ఎవరైనా నడుస్తూ వింటే చాలు. ఏ రకం శబ్దం వస్తోందో చూసుకోండి.

చిన్న చిన్న రాళ్ల మీద కూడా ఆగకుండా గలగలమంటే ఏదో తేలికైన వస్తువు వదులైందని అర్థం. షాకబ్జార్బర్ బుష్ (బోల్టు చుట్టూ ఉండే రబ్బరు తొడుగు), కమాను క్లిప్పు, బ్రేకు ప్యాడ్లు, సైలెన్సర్ మీద వేడిని ఆపే రేకు, వీటిని అనుమానించాలి.

గుంత దాటి చక్రం కిందికి జారినప్పుడు ఒక్కసారి టక్ అంటే షాకబ్జార్బర్ పూర్తిగా సాగి ఆగిపోతోందేమో చూడాలి.

బండి కదిలేటప్పుడు, గేరు మార్చేటప్పుడు, బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు ధన్ మంటే యూ బోల్టులు, లిఫ్ట్ బ్లాకులు (ఎత్తు కోసం కమానుకీ హౌసింగుకీ మధ్య పెట్టే దిమ్మలు), ప్రొపెల్లర్ షాఫ్టు వైపు చూడాలి.

కీచుమనడం, కిర్రుమనడం వేరే జాతి. అది సాధారణంగా బుష్‌లలోనో, కమాను పట్టీల మధ్యో వచ్చే రాపిడి. దాన్నీ గలగలనూ కలిపి వెతికితే రెండూ దొరకవు.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. గలగల వస్తుండగా బ్రేకు పెడల్‌ను మెల్లగా, బండి ఆగనంతగా మాత్రమే తొక్కండి. శబ్దం ఆగిపోతే లోపం బ్రేకులలో ఉంది, సస్పెన్షన్‌లో కాదు. ప్యాడ్లను పట్టి ఉంచే స్ప్రింగు క్లిప్పులో, డ్రమ్ములోని స్ప్రింగులో చూసుకోవాలి.

కిందికి దూరాక

నేల గట్టిగా ఉండాలి. ముందు చక్రాలకు అడ్డు కట్టలు పెట్టండి. బండిని ఎత్తితే స్టాండ్ల మీద నిలపండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందికి వెళ్లడం మానండి.

టార్చి వేసి రెండు గుర్తులు వెతకండి. ఒకటి మెరుపు. బురద, దుమ్ము పట్టిన లోహం మీద ఒకచోట మాత్రం వెండిలా మెరుస్తుంటే అక్కడ రెండు వస్తువులు రాసుకుంటున్నాయి. రెండోది బోల్టు తల చుట్టూనో, వాషరు అంచునో పట్టే సన్నని ఎర్రటి పొడి. కదలకూడని జాయింటు కదులుతుంటే తుప్పు అలా పొడిగా రాలుతుంది. నాకు చెవి కంటే ఈ రెండు గుర్తుల మీదే ఎక్కువ నమ్మకం, ఎందుకంటే శబ్దం ఛాసిస్ వెంట పాకిపోతుంది. ఎడమవైపు పుట్టింది కుడివైపు వినిపించడం మామూలే.

షాకబ్జార్బర్లు

ఎక్కువ సమయం ఇక్కడే గడపండి. ఒకచేత్తో షాకబ్జార్బర్ గొట్టం పట్టుకుని పక్కకీ, పైకీ కిందికీ గట్టిగా గుంజండి. రెండో చెయ్యి పై బోల్టు మీద ఉంచండి. లోపల చిన్న టిక్ అనే అదురు వేలికి తెలిస్తే దొరికినట్టే.

నా బండిలో ఒకసారి నట్టు పూర్తిగా బిగిసి ఉంది, టార్కు రెంచి (అనుకున్నంత బిగువు రాగానే క్లిక్ మనే పానా) కూడా సరిగ్గానే క్లిక్ మంది, అయినా గలగల పోలేదు. బోల్టు విప్పి చూస్తే సంగతి తెలిసింది. కొత్త షాకబ్జార్బర్ బుష్‌లోని ఇనుప గొట్టం బ్రాకెట్ వెడల్పు కంటే కాస్త పొట్టి. బిగించిన కొద్దీ బ్రాకెట్ చెవులు వంగుతున్నాయి గానీ గొట్టాన్ని గట్టిగా పట్టడం లేదు. గొట్టం లోపలి రంధ్రం కూడా బోల్టు కంటే పెద్దది. గొట్టం లోపలివైపు ఒక అంచు అద్దంలా మెరుస్తోంది. సరైన కొలత గొట్టం వేసి, బ్రాకెట్‌తో ఖాళీ లేకుండా సరిపోయే వాషర్లు పెట్టాక శబ్దం మాయమైంది. అందుకే నట్టు బిగువుగా ఉందని తేలగానే షాకబ్జార్బర్‌ను అనుమానాల్లోంచి తీసేయకండి. బోల్టు బయటికి లాగి, గొట్టాన్నీ బోల్టునూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఇక పొడవు సంగతి. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి హౌసింగ్ వేలాడేలా చేయండి. హౌసింగ్ కింద జాకీని ఆనించి, రెండు షాకబ్జార్బర్ల కింది బోల్టులూ విప్పి, జాకీని కొద్దికొద్దిగా దించండి. హౌసింగ్ ఇంకా కిందికి దిగితే ఇంతవరకూ దాన్ని ఆపుతున్నది షాకబ్జార్బర్లే. గుంతలో చక్రం జారిన ప్రతిసారీ వచ్చే టక్ అదే. దించేటప్పుడు బ్రేకు హోసు మీద కన్నుంచండి. అది బిగుసుకుంటే వెంటనే ఆపండి, హోసు పొడవు కూడా చాలడం లేదని అర్థం.

సరిచేయాలంటే పొడవైన షాకబ్జార్బర్లు వేయాలి, లేదా హౌసింగ్ మరీ కిందికి జారకుండా బెల్టులాంటి పట్టీలు కట్టాలి. పొడవైనవి వేసేటప్పుడు మూసుకున్నప్పటి పొడవు కూడా కొలవండి. సాగినప్పుడు పొడవైనది మూసుకున్నప్పుడు కూడా పొడవుగానే ఉంటుంది. హౌసింగ్ పైకి వచ్చి, దాన్ని ఆపే రబ్బరు దిమ్మ అయిన బంప్ స్టాప్‌ను తాకక ముందే షాకబ్జార్బర్ పూర్తిగా మూసుకుపోతే దాని లోపలి భాగాలే పగులుతాయి. అలాంటప్పుడు బంప్ స్టాప్‌ను కిందికి పొడిగించాలి.

యూ బోల్టులు, సెంటర్ బోల్టు

ఇది శబ్దం ఇబ్బంది కాదు, భద్రత విషయం. యూ బోల్టు వదులైనట్టు తేలితే బిగించేదాకా బండి నడపొద్దు. కమాను కట్టను హౌసింగ్ మీద కదలకుండా పట్టి ఉంచేది యూ బోల్టుల బిగువే. సెంటర్ బోల్టు పని కట్టను దాని చోట కూర్చోబెట్టడం వరకే. యూ బోల్టులు వదిలితే భారమంతా ఆ చిన్న బోల్టు మీద పడి అది తెగుతుంది. అప్పుడు హౌసింగ్ పక్కకు జరుగుతుంది.

యూ బోల్టు అడుగున నట్టు ఎంతవరకు వచ్చిందో చూడండి. బోల్టు మరీ పొడవైనదైతే నట్టు మర చివరి దాకా వెళ్లి అక్కడ ఇరుక్కుంటుంది. టార్కు రెంచి క్లిక్ మంటుంది, కట్ట మీద మాత్రం ఒత్తిడి పడదు. లిఫ్ట్ బ్లాకు ఎత్తు మార్చి పాత యూ బోల్టులే వాడితే వచ్చే తప్పు ఇది. తర్వాత బ్లాకు మీద సెంటర్ బోల్టు తల దాని గుంతలో పూర్తిగా దిగిందా, అంచు మీద కూర్చుందా చూడండి. అదనపు పట్టీ వేసినవాళ్లు పొట్టి సెంటర్ బోల్టు వాడితే ఇలా జరుగుతుంది.

ఒకసారి విప్పిన యూ బోల్టులను మళ్లీ వాడకండి. సాగి బిగువిచ్చే బోల్టులవి. కొత్తవి వేసి, ఎదురెదురు మూలల క్రమంలో కొద్దికొద్దిగా, మాన్యువల్ చెప్పిన టార్కుకు, చక్రాలు నేల మీద ఉండగా బిగించండి. ఒక బ్లాకు మీద ఇంకో బ్లాకు పేర్చి ఉంటే మాత్రం బిగించడం గురించి ఆలోచించకండి, వాటిని తీసేసి సరైన ఎత్తున్న కమాన్లు వేయించండి.

కమాను క్లిప్పులు, బుష్‌లు

పట్టీలను కలిపి ఉంచే క్లిప్పుల లోపల రబ్బరో నైలాన్ లైనరో ఉంటుంది. అది రాలిపోతే పట్టీ అంచు క్లిప్పుకు కొట్టుకుని గలగలమంటుంది. క్లిప్పును వేలితో కదిపితే చప్పుడవుతుంది. లైనరు వేయడమే దీనికి మందు. క్లిప్పును సుత్తితో నొక్కి బిగించేస్తే పట్టీలు జారలేక కమాను బిరుసెక్కుతుంది.

షాకిల్ దగ్గర, కమాను కంటి (చుట్టలా వంచిన చివర) దగ్గర పొడవాటి రాడ్డు పెట్టి మెల్లగా మీటి చూడండి. బుష్ సాగడం వరకు సహజమే, లోహం లోహాన్ని తాకితే మార్చాలి. రబ్బరు బుష్‌ల బోల్టులను హౌసింగ్ వేలాడుతుండగా బిగిస్తే, బండి దించగానే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. పైపైన బిగించి, బండిని నేల మీద దించి రెండుసార్లు ఊపి, అప్పుడు చివరి బిగువు ఇవ్వండి.

మిగిలినవి

హ్యాండ్ బ్రేకు కేబుల్ ఛాసిస్‌కు కొట్టుకుంటోందేమో, సైలెన్సర్ గొట్టం హౌసింగ్ పైకి వచ్చినప్పుడు తగులుతోందేమో చూడండి. తగిలినచోట మెరుపే చెబుతుంది. ప్రొపెల్లర్ షాఫ్టును చేత్తో తిప్పి, పైకీ కిందికీ ఊపి యూనివర్సల్ జాయింట్లలో వదులుందేమో చూడండి. ఒక వేగం దగ్గర మొదలయ్యే అదురు మాత్రం షాఫ్టు కోణం తేడా వల్ల వచ్చేది. దానికి బోల్టులు బిగించి లాభం లేదు, కోణం సరిచేయాలి.

కాయిల్ స్ప్రింగులున్న బండిలో మొదట పాన్‌హార్డ్ రాడ్డు (హౌసింగ్ పక్కకు జరగకుండా ఛాసిస్‌కు కలిపే అడ్డ రాడ్డు) రెండు చివర్లు చూడండి. ఒకరు స్టీరింగ్ జోలికి పోకుండా బండిని పక్క నుంచి తోస్తుంటే, మీరు రాడ్డు బోల్టు మీద వేలు పెట్టండి. బోల్టు రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో సాగి ఉంటే బిగించడం వృథా, బ్రాకెట్‌కు వెల్డింగ్ చేయించాలి.

అన్నీ బిగించాక ప్రతి నట్టు మీదా, దాని పక్కన ఉన్న లోహం మీదా కలిసేలా పెయింటుతో ఒక గీత గీయండి. 500 నుంచి 800 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ కిందికి దూరి చూడండి. గీత ఎక్కడ విరిగి రెండుగా కనిపిస్తే ఆ నట్టు తిరిగింది. గీతలన్నీ కలిసే ఉన్నా యూ బోల్టులకు మాత్రం టార్కు రెంచి ఇంకోసారి పెట్టండి. కొత్త కమాన్లు, బ్లాకులు సర్దుకుంటూ కుదుటపడతాయి కాబట్టి, నట్టు తిరక్కపోయినా బిగువు తగ్గి ఉంటుంది.