రికార్డు రూము గాలిలో బూజు ఎంతుందో ఎలా పరీక్షించాలి?

చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల వానల్లో, పాత భవనాల్లోని కాగితానికి గడ్డుకాలం. బడి అడ్మిషన్ రిజిస్టర్లు, సత్రాల దస్తావేజులు, సంఘాల మినిట్స్ పుస్తకాలు పెట్టిన గది తలుపు తీయగానే ముక్కిన వాసన కొట్టిందంటే ఎక్కడో బూజు పట్టినట్టే. అప్పుడు చాలామంది చేసే పని ఫార్మలిన్ పొగ పెట్టించడం. దయచేసి ఆ పని చేయకండి. ఫార్మలిన్ క్యాన్సర్ కారకం. చచ్చిన బూజు కూడా అలర్జీ తెప్పిస్తుంది. గదిలో తేమ అలాగే ఉంటే పొగ పోయాక కొత్త బూజు మొలుస్తుంది. ముందు అది ఏ మూల నుంచి వస్తోందో తెలుసుకోవాలి. అందుకు పెట్రీ ప్లేట్లు (మూతలున్న చిన్న గుండ్రటి పళ్ళేలు) చాలు.

సామాన్లు

90 మిల్లీమీటర్ల ప్లేట్లు పదహారు. వాటిలో బూజు మొలవడానికి అగర్ అనే జెల్లీ ఉంటుంది. సగం పొటాటో డెక్స్‌ట్రోజ్ అగర్‌వి, సగం డీజీ18 అగర్‌వి. మొదటిది ఒక్కటే వాడి ‘మా గదిలో ఏమీ లేదు’ అనుకునేవాళ్ళు ఎక్కువ. తక్కువ తేమలో బతికే బూజు రకాలు అందులో సరిగా మొలవవు, గ్లిజరాల్ ఉన్న డీజీ18లోనే బయటపడతాయి. కాగితాల గదిలో వాటినే ముందు వెతకాలి.

డీజీ18 ప్లేట్లు పోసినవే కొనండి. పొటాటో అగర్ మీరే పోసుకోవచ్చు: 200 మి.లీ. నీటికి 7.8 గ్రాముల పొడి, బ్యాక్టీరియా రాకుండా 20 మి.గ్రా. క్లోరాంఫెనికాల్ కలిపి, 15 పౌండ్ల ఒత్తిడి దగ్గర 15 నిమిషాలు కుక్కర్లో ఉంచండి. సీసా చేత్తో పట్టుకోగలిగేంత వేడికి, అంటే 45-50 డిగ్రీలకు దిగాక, ప్లేటుకు 20 మి.లీ. చొప్పున పోయండి. ఒక రోజు ఊరికే ఉంచి, ఏదైనా మొలిచిన ప్లేట్లను పారేయండి. ఇవి కాక మార్కర్, స్పిరిట్, ఎన్95 మాస్కు, చేతి తొడుగులు, స్టూళ్ళు కావాలి. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఈ పనికి దిగకూడదు.

ప్లేటు తెరవడం

పరీక్ష చెడిపోయేది ఇక్కడే. ప్లేటును నేల మీదో బీరువా పైనో పెట్టి, పక్కనే నిలబడి మాట్లాడుతూ గంట గడిపేస్తారు. ఆ ప్లేటులో మొలిచేది చెప్పుల దుమ్ము, బట్టల దుమ్ము. గది గాలి గురించి అది ఏమీ చెప్పదు.

మూడు ఒకట్లు గుర్తుపెట్టుకోండి: నేల నుంచి ఒక మీటరు ఎత్తు, గోడ నుంచి ఒక మీటరు దూరం, ఒక గంట సేపు. ఎందుకు గంట? మూడు మైక్రాన్ల సిద్ధబీజం (బూజుకు విత్తనం లాంటి కణం) కదలని గాలిలో గంటకు సుమారు ఒక మీటరు మాత్రమే కిందికి దిగుతుంది. ఆస్పర్‌జిల్లస్, పెన్సిలియం అనే బూజుల బీజాలు ఇంచుమించు ఆ పరిమాణానివే. పావుగంట పెడితే పడేవి మరీ తక్కువ, లెక్క నిలకడగా రాదు. నాలుగు గంటలు పెడితే అగర్ ఎండిపోతుంది, బూజు మచ్చలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

ఊడ్చిన రోజున, ఫైళ్ళు దించిన రోజున పరీక్ష వద్దు. ముందు రోజు సాయంత్రం నుంచి గదిని కదపకండి. సీలింగ్ ఫ్యాను గంట ముందే ఆపండి. ఏసీ మాత్రం రోజూ ఎలా నడుస్తుందో అలాగే నడవనివ్వండి, కానీ దాని గాలి నేరుగా తగిలే చోట ప్లేటు పెట్టకండి. గదిలో ఐదు చోట్ల, ఒక్కో చోట రెండు రకాల అగర్ ప్లేట్లూ మూతతోనే పెట్టి, బయటికొచ్చి అరగంట ఆగండి. మీరు నడిచినప్పుడు లేచిన దుమ్ము కొంతైనా దిగాలి.

తర్వాత మెల్లగా లోపలికెళ్ళి, తలుపుకు దూరంగా ఉన్న ప్లేటు నుంచి మొదలుపెట్టి వెనక్కి రండి. మూతను ప్లేటు మీదుగా కాకుండా పక్కకు తీసి, స్పిరిట్‌తో తుడిచిన చోట బోర్లించండి. తీసిన సమయాన్ని ప్లేటు అడుగున రాయండి. మూత మీద రాస్తే మూతలు మారినప్పుడు లెక్కంతా పోతుంది. గంటయ్యాక తెరిచిన వరుసలోనే మూయండి.

అదే గంటలో బయట కూడా ఒక జత తెరవాలి: నీడలో, మీటరు ఎత్తున, పూలకుండీలకూ చెత్తకుండీకీ దూరంగా, వాన లేని రోజున. ఈ జత లేని పరీక్షకు విలువ లేదు. చెన్నై గాలిలో బూజు ఏడాది పొడవునా ఉంటుంది, లోపలి లెక్కను దేనితో పోల్చాలో బయటి ప్లేటే చెబుతుంది. మిగిలిన నాలుగింటిలో ఒక జత అసలు తెరవకండి, ఇంకో జత తెరిచిన వెంటనే మూసేయండి. వీటిలో ఏదైనా మొలిస్తే తప్పు మీ చేతిలోనో అగర్‌లోనో ఉంది, మళ్ళీ చేయాల్సిందే.

మొలిపించి లెక్కపెట్టడం

ప్లేట్లను బోర్లించి 25 డిగ్రీల దగ్గర ఉంచండి. చెన్నై ఎండకు మామూలు గది పనికిరాదు. మూడో రోజు ఒకసారి, ఐదో రోజు ఒకసారి లెక్కపెట్టి, ప్రతి మచ్చకూ అడుగున చుక్క పెట్టండి. డీజీ18 ప్లేట్లకు పది రోజులివ్వండి. మూడో రోజే చూడమనడానికి కారణం, దూదిలా పెరిగే రైజోపస్ ఒక్కటి ఉన్నా ఐదో రోజుకు ప్లేటంతా కప్పేస్తుంది.

ఆస్పర్‌జిల్లస్ నైజర్ తెల్లగా మొదలై, తర్వాత మిరియాల పొడి చల్లినట్టు నల్లబడుతుంది. పెన్సిలియం తెల్లటి అంచుతో నీలి ఆకుపచ్చ పొడిలా ఉంటుంది. క్లాడోస్పోరియం ముదురు ఆలివ్ రంగు మఖమల్‌లా, అడుగు వైపు నల్లగా కనిపిస్తుంది. కంటితో ఇంతవరకే. కచ్చితమైన పేరు కావాలంటే మైక్రోస్కోపు ఉన్న ల్యాబుకు పంపాలి. మూత మాత్రం మీరు తీయకండి.

ఈ అంకెను ‘ఘనపు మీటరుకు ఇన్ని’ అని మార్చే సూత్రాలున్నాయి. వాటి జోలికి పోకండి. ప్లేటు మీద పడినవే మనకు తెలుసు, చిన్న బీజాలు చాలావరకు గాలిలోనే ఉండిపోతాయి. ఆ లెక్క కావాలంటే గాలిని కొలిచి లాగే పంపు యంత్రం ఉండాలి.

లోపల బయటికన్నా తక్కువ ఉండి, రకాలు అవే అయితే గదిలో ప్రత్యేకంగా బూజు పెరగడం లేదని అనుకోవచ్చు. లోపల ఎక్కువైనా, బయట లేని రకం ఒక్కటే కుప్పగా ఉన్నా, బూజు గదిలోనే పెరుగుతోంది. నాలుగు చోట్ల ఆరేసి మచ్చలుండి ఐదో చోట నలభై నల్లవి వస్తే, ఆ చోటికి దగ్గరున్న ర్యాక్ అడుగు అర, దాని వెనక గోడ వెతకండి. స్టీలు బీరువాను గోడకు ఆనించి పెట్టి ఉంటే ముందు దాని వెనకే చూడండి. సాయంత్రం ఏసీ ఆపి వెళ్ళే గదుల్లో చల్లబడ్డ గోడకు రాత్రి తేమగాలి తగిలి చెమ్మ పట్టేది అక్కడే. తేమ మీటరు 65 శాతం దాటితే జాగ్రత్తపడాలి. మీటరును నమ్మే ముందు, తడి ఉప్పు ముద్దతో పాటు డబ్బాలో మూసి ఒక రాత్రి ఉంచండి, 75 చూపాలి. తేడా వస్తే అంత కలుపుకోండి, లేదా తీసేయండి.

లెక్క అయ్యాక ప్లేట్లను టేపు వేసి, కవర్లో కట్టి, 15 పౌండ్ల దగ్గర అరగంట కుక్కర్లో ఉంచాకే పారేయండి. ఆ కుక్కరు మళ్ళీ వంటింట్లోకి వెళ్ళకూడదు.