కొల్లేరును పాఠంగా చెప్పడం: హైస్కూలు విద్యార్థులకు వన్యప్రాణి, మత్స్య నిర్వహణ

పక్షులను కాపాడాలని పదో తరగతి విద్యార్థి పరీక్షలో ఎన్నిసార్లయినా రాయగలడు. కాని ఒక సరస్సులో నీరు ఎంత ఎత్తున నిలవాలి, ఆ ఎత్తు వల్ల ఎవరి పొలం మునుగుతుంది, ఎవరి వల నిండుతుంది అని అడిగితే కలం ఆగిపోతుంది. నిర్వహణ అనే మాటకు అర్థం ఆ ప్రశ్నలోనే ఉంది కనుక, పాఠాన్ని నిర్వచనాలతో కాక ఒక చోటుతో మొదలుపెట్టడం మేలు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్యనున్న కొల్లేరు ఇందుకు చక్కగా సరిపోతుంది. బుడమేరు, తమ్మిలేరు వంటి వాగులు తెచ్చే నీటిని అది నింపుకొని, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి వదులుతుంది. 1999లో అయిదడుగుల కాంటూరు (సముద్రమట్టానికి ఒకే ఎత్తున ఉన్న చోట్లను కలిపే గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు; 2002లో అది అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది; 2006లో ప్రభుత్వమే అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లను తెగ్గొట్టింది. మొదటి పీరియడుకు ఈ మూడు తేదీలు చాలు.

రెండో పీరియడులో లెక్క నేర్పాలి. నీటి అడుగున ఉన్న చేపలను ఎవరూ లెక్కపెట్టలేరు కదా, మరి ఎన్ని ఉన్నాయో ఎలా చెబుతారు? ఒక గుడ్డ సంచిలో లెక్కపెట్టని చింతపిక్కలు పోసి ఇవ్వండి. ఒక విద్యార్థి 50 పిక్కలు తీసి, ఒక్కోదానికి తెల్లరంగు చుక్క పెట్టి, ఆరాక తిరిగి సంచిలో వేసి బాగా కలపాలి. తరువాత మరొకరు చూడకుండా 60 తీస్తే, వాటిలో చుక్క ఉన్నవి 10 వచ్చాయనుకుందాం. యాభైని అరవైతో గుణించి పదితో భాగిస్తే 300 వస్తుంది, సంచిలోని మొత్తం పిక్కలకు అదే అంచనా. ఆపైన సంచి బోర్లించి నిజంగా లెక్కపెట్టించండి. అంచనాకూ లెక్కకూ తేడా వస్తుంది, రావాలి కూడా. అసలు చర్చ అక్కడే మొదలవుతుంది. సరిగా కలపకపోతే ఏమవుతుంది? గుర్తు పెట్టిన చేప చచ్చిపోతే? గుర్తు చెరిగిపోతే? నా తరగతిలో ఒక అబ్బాయి చుక్క ఉన్న పిక్కలు వేలికి గరుకుగా తగులుతున్నాయని కనిపెట్టి, వాటినే ఏరి తీశాడు. అతణ్ణి మందలించబోయి ఆగాను, ఎందుకంటే గుర్తు పడిన చేప వలలో తేలిగ్గానో కష్టంగానో చిక్కితే లెక్క తప్పుతుందన్న సంగతిని అతను నాకంటే బాగా చూపించాడు.

వల కన్ను గురించి చెప్పడానికి వంటింటి జల్లెడలు రెండు చాలు. ఆవాలు, పెసలు, సెనగలు కలిపి, సన్నకన్ను జల్లెడలో ఒకసారి, పెద్దకన్ను జల్లెడలో ఒకసారి జల్లించి, ఏవి మిగిలాయో రాయించాలి. చిన్న చేప ఒక్కసారైనా గుడ్లు పెట్టే వయసుకు రాకముందే పట్టేస్తే మరుసటేడు వలకు ఏమి మిగులుతుందని అడిగితే, సమాధానం వాళ్లే చెబుతారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మర పడవల వేటను ఎందుకు ఆపుతారో ఇక్కడ కలపవచ్చు.

నీటిని పరీక్షించడానికి ఒక స్టీలు పళ్లేన్ని నాలుగు భాగాలు చేసి, ఒకటి విడిచి ఒకటి నలుపు, తెలుపు రంగులు వేసి, అడుగున రాయి కట్టి, పది సెంటీమీటర్లకు ఒక ముడి ఉన్న తాడుతో దింపాలి. పళ్లెం కనుమరుగైన లోతు, పైకి లాగుతుంటే మళ్లీ కనిపించిన లోతు, ఈ రెంటి సగటే నీటి తేట. చేపల చెరువులో అది సుమారు 30 నుంచి 40 సెంటీమీటర్లు ఉంటే బాగున్నట్టు లెక్క. అంతకన్నా బాగా తగ్గి, నీరు చిక్కటి పచ్చగా మారితే, రాత్రిళ్లు ఆ నాచు కూడా ప్రాణవాయువును వాడుకోవడం వల్ల తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరిచి పైకి తేలతాయి. చెరువులున్న ఇళ్ల పిల్లలు ఈ దృశ్యాన్ని చూసే ఉంటారు, వాళ్లచేతనే చెప్పించండి.

కైకలూరు దగ్గరి ఆటపాకకు శీతకాలంలో తీసుకెళ్లగలిగితే గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను లెక్కపెట్టించవచ్చు. అయితే ముందు బడిలోనే నల్లగుడ్డ మీద బియ్యం గింజలు చల్లి, పది సెకన్లు చూపించి, పదేసి గింజల గుంపులుగా అంచనా కట్టడం అలవాటు చేయాలి. లేకపోతే గట్టు మీద నిలబడి అందరూ ‘వేలల్లో ఉన్నాయి సార్’ అంటారు. గూళ్లకు దగ్గరగా పోకూడదు, ఫోటో కోసం అరవకూడదు.

చివరి రెండు పీరియడ్లు, పిల్లలు జట్లుగా పాత్రలు వేసి వాదించే విచారణకు కేటాయించండి. అభయారణ్యం హద్దును అయిదడుగుల కాంటూరు నుంచి మూడుకు తగ్గించాలన్న వాదన ఏళ్ల తరబడి నడుస్తోంది. ఒక జట్టు మావులతో (వెదురుతో అల్లిన బోనులు) చేపలు పట్టే లంక గ్రామాల వాళ్లుగా, ఒకటి చెరువుల రైతులుగా, ఒకటి అటవీశాఖగా, ఒకటి ఎగువన ముంపు భయమున్న ఊళ్లవాళ్లుగా మాట్లాడాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో చాలా వీధులు నీట మునగడం పిల్లలకు గుర్తుంటుంది కనుక నాలుగో జట్టుకు మాటలు వెతుక్కోవలసిన పని ఉండదు. సగంలో జట్లను తారుమారు చేయండి, ఇది తప్పనిసరి. మార్కులు వాగ్ధాటికి కాక, ఒక కాగితం మీద రాసే జవాబుకు ఇవ్వాలి: ‘నీ నిర్ణయం మార్చుకోవాలంటే ఏ లెక్క చూపించాలి, దాన్ని ఎవరు, ఏ నెలలో, ఎలా కొలవాలి?’