పొగతాగే పైపు చేస్తుంటే బ్రయర్ దిమ్మలో లోపం బయటపడిందా? సమస్య - పరిష్కారం

బ్రయర్ దిమ్మ పైకి ఎంత బాగున్నా లోపల ఏముందో కోస్తేగానీ తెలియదు. ఇది చెట్టు మాను నుంచి వచ్చే కలప కాదు. మధ్యధరా తీరాల్లో పెరిగే ఎరికా ఆర్బోరియా అనే పొదకు కాండానికీ వేళ్లకూ మధ్య ఊరే గడ్డ. రాళ్ల నేలలో ఏళ్ల తరబడి పెరుగుతూ ఇసుకనూ సన్న రాళ్లనూ తనలో కలిపేసుకుంటుంది. అందుకే మచ్చలేని దిమ్మ దొరకడం అరుదు. లోపం కనిపించగానే ఎంత పెద్దదా అని కాదు, ఎక్కడుందా అని చూడండి. నిప్పు తగిలే చోటా, పై చర్మం మీదా?

సమస్య: శాండ్‌పేపర్ పడుతుంటే నల్ల చుక్క తేలింది

ఎక్కువగా ఇది ఇసుక గుంట. సూది మొనతో మెల్లగా కెలకండి. కాస్త పొడి రాలి, అడుగు గట్టిగా తగిలితే గుంట అక్కడితో ఆగినట్టే. సూది మెత్తగా దిగుతూనే ఉంటే లోపల బెరడు ముక్క ఇరుక్కుని ఉంది. అది వేరే సంగతి, కింద చెబుతాను.

గట్టి అడుగున్న చుక్కను తీసేయాలంటే ఆ ఒక్కచోటే రుద్దొద్దు. అక్కడ సొట్ట పడుతుంది, పాలిష్ పట్టాక వెలుతురులో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ వైపంతా సమంగా దించండి, అవసరమైతే ఆకారమే కాస్త మార్చండి. ఒక చుక్క పోతే కింద ఇంకోటి తేలడం మామూలే కాబట్టి ఎక్కడ ఆపాలో ముందే అనుకోండి. గిన్నె, అంటే పొగాకు కూరే భాగం, గోడ 6 మిల్లీమీటర్ల కంటే పల్చబడకుండా చూడటం మంచిది.

అప్పటికీ పోకపోతే ఉలితో పైభాగమంతా గరుకుగా చెక్కడమో, శాండ్‌బ్లాస్ట్ (గాలి ఒత్తిడితో ఇసుకలాంటి పొడిని చిమ్మి అరగదీయడం) చేయడమో దారి. బ్లాస్ట్‌లో మెత్తని పొరలు అరిగిపోయి గట్టి వలయాలు మిగులుతాయి, చిన్న గుంటలు ఆ గరుకులో కలిసిపోతాయి. దీన్ని రెండో రకం పనిగా చూడకండి. పైపులు చేసే ఇంగ్లండ్ కంపెనీ డన్‌హిల్ 1910ల చివర్లోనే షెల్ పేరుతో ఇలాంటి పైపులు తెచ్చింది, వాటిని కోరి కొనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

లప్పం పెట్టొచ్చా? బ్రయర్ పొడిని లక్కతో కలిపి నింపొచ్చు. కానీ అది కలపలా రంగు పీల్చదు, వేడికి కొన్నాళ్లకు ఊడిరావచ్చు కూడా. గుండుసూది తలంత చుక్కయితే నేను అలాగే వదిలేస్తాను. లప్పం పెట్టిన పైపును అమ్మితే ఆ సంగతి కొనేవాళ్లకు చెప్పి తీరాలి.

సమస్య: వెంట్రుకంత గీత. గీరా, పగులా?

అడ్డంగా ఇంకో దిశలో రుద్దండి, గీరయితే పోతుంది. అనుమానం తీరకపోతే స్పిరిట్‌తో తుడవండి. పైన తడి వెంటనే ఆరిపోయినా గీత మాత్రం కాసేపు ముదురుగానే ఉంటే అది పగులే. దిమ్మ మరీ త్వరగా ఆరినా, మొద్దు డ్రిల్ బిట్‌తో తొలిచి వేడెక్కించినా ఇలా అవుతుంది.

గిన్నె అంచులో ఉంటే అంచు దించేస్తే సరి. లోపలి గోడ దాకా వెళ్తే ఆ దిమ్మను వదిలేయండి. గిన్నెలో సూపర్ గ్లూ వద్దే వద్దు, వేడికి దాని ఘాటు ఆవిరి పీల్చేవాళ్లకే తగులుతుంది. గిన్నె లోపల వేసే బొగ్గు పూత పగులును కప్పుతుందే తప్ప పట్టి ఉంచదు. నిప్పు అక్కడే తినేసి గోడకు బొక్క పెడుతుంది.

సమస్య: తొలిచాక గిన్నె లోపల గుంట

గుంట లోతు తక్కువై, గోడకు మందం ఉంటే 19 మిల్లీమీటర్ల గిన్నెను 20కి పెంచితే పోవచ్చు. మెత్తగా ఉండి బెరడు కనిపిస్తే మాత్రం ఇక ఆ పైపు లేదు. మౌత్‌పీస్ దూరే కాడ చివర బలహీనంగా అనిపిస్తే బయట లోహపు బ్యాండు తొడగండి, బిగించేటప్పుడు చీలకుండా కాస్తుంది.

సమస్య: రంగు మచ్చలుగా పట్టింది

మెత్తని చోట ఎక్కువ పీల్చింది. ముదురు రంగు వేసి, ఆరాక రుద్ది, పైన లేత రంగు వేయండి.

ఆకారం చెక్కడానికి ముందే గిన్నె, పొగదారి తొలిచేస్తే చాలా లోపాలు పని పెరగకముందే బయటపడతాయి. పనికిరాని దిమ్మను పారేయకండి. బాగున్న సగంలోంచి పొగాకు నొక్కే పుల్లలు చేసుకోవచ్చు, రాలిన పొడిని లప్పానికి డబ్బాలో దాచుకోవచ్చు.