పిల్లవాడు కొడుతున్నాడా, కొరుకుతున్నాడా? ముందు కారణం వెతకండి

ఆటిజం, మేధో వైకల్యం, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం) ఉన్న పిల్లలు కొట్టడం మొదలుపెడితే ఇంట్లో అందరూ అడిగేది ఒకటే: "వీడికి ఇంత కోపమెందుకు?" బెంగళూరులో తెలుగు కుటుంబాల పిల్లలకు పాఠాలు చెప్పే ప్రత్యేక ఉపాధ్యాయురాలిగా నేను ఆ ప్రశ్నను పక్కన పెట్టమంటాను. ఏ వేళలో, ఏ పనికి ముందు, ఎవరి దగ్గర కొడుతున్నాడో చూడండి. మాటల్లో చెప్పలేనిదాన్ని పిల్లవాడు చేత్తో చెబుతున్నాడని నా నమ్మకం. అదేమిటో తెలియకుండా చేసే ఏ వైద్యమైనా, వేసే ఏ శిక్ష అయినా గురి తప్పుతుంది.

ఒక నోటుబుక్కులో మూడు గళ్ళు గీయండి: ముందు ఏం జరిగింది, పిల్లవాడు ఏం చేశాడు, తరువాత మనం ఏం చేశాం. మొదటి రెండూ అందరూ రాస్తారు. మూడోది రాయడానికి చాలామందికి మనసొప్పదు. అసలు సమాధానం తరచుగా అక్కడే ఉంటుంది.

సమస్య: నిన్నటిదాకా బాగానే ఉన్నవాడు హఠాత్తుగా కొట్టుకుంటున్నాడు, కొరుకుతున్నాడు.

కారణం: ముందుగా నొప్పిని అనుమానించండి. పిప్పిపన్ను, చెవిపోటు, మలబద్ధకం, నిద్రలేమి, మూర్ఛ, కొత్తగా మొదలుపెట్టిన మందు, ఈడొచ్చిన ఆడపిల్లకైతే నెలసరి నొప్పి. మాటలు రాని పిల్లవాడు ఒకవైపు చెంపనే పదేపదే కొట్టుకుంటుంటే దాన్ని మొండితనమనుకోవద్దు.

పరిష్కారం: ముందు పిల్లల డాక్టరుకు, దంతవైద్యుడికి చూపించండి. విరేచనం రోజూ అవుతోందో లేదో గమనించండి. దిష్టి తీయించినా తీయించకపోయినా చెవి, పళ్ళు చూపించడం మాత్రం మానవద్దు.

సమస్య: పుస్తకం తీయగానే, స్నానానికి పిలవగానే కొడతాడు.

కారణం: ఆ పని కష్టంగా ఉంది, లేదా ఎప్పటికి పూర్తవుతుందో తెలియడం లేదు. కొట్టగానే మనం పుస్తకం మూసేస్తాం. కొడితే పని తప్పుతుందని వాడికి అర్థమైపోతుంది. ఇది ఒక్కరోజులో అబ్బిన అలవాటు కాదు కాబట్టి ఒక్కరోజులో పోదు.

పరిష్కారం: పనిని బాగా చిన్నది చేయండి. పది అక్షరాల చోట రెండే. ఆ రెండూ అయ్యాక ఏముందో బొమ్మల్లో వరుసగా గోడకు అంటించండి: స్నానం, టిఫిను, వ్యాను. అంతకన్నా ముఖ్యమైనది, "చాలు" అని చెప్పే దారి నేర్పడం. మాట రాకపోతే ఒక కార్డు, లేదా చేతి సైగ. వాడు విసుక్కోవడం మొదలైన క్షణంలో, చెయ్యి ఎత్తకముందే, ఆ కార్డు వాడి చేత మీకు ఇప్పించి వెంటనే పని ఆపండి. అప్పటికప్పుడు ఆపితేనే కార్డుకు విలువ ఉందని నమ్ముతాడు. తరువాత మెల్లగా "ఇంకొక్కటి, ఆ తరువాత చాలు" అని పెంచుకుంటూ పోవచ్చు. చదువు పాడవుతుందని కొందరు తండ్రులు కంగారు పడతారు. కొట్టకుండా ఆపమని అడగడమే ఈ దశలో వాడి చదువు.

సమస్య: ఫోను తీసుకుంటే మీద పడి రక్కుతాడు.

కారణం: ఒకరోజు ఇస్తాం, మరోరోజు ఇవ్వం. అమ్మ వద్దంటే నాయనమ్మ ఇస్తుంది.

పరిష్కారం: ఫోను ఎప్పుడు, ఎంతసేపో ఇంట్లో పెద్దలందరూ కూర్చుని ఒక మాట మీదికి రండి. టైమరు పెట్టండి. ఫోను పోయాక చేతికి ఏం వస్తుందో ముందే చూపించండి. ఒక హెచ్చరిక: ఏడుపుకు లొంగడం మానగానే మొదట గొడవ పెరుగుతుంది. ఆ పెరిగిన చోట లొంగితే ఈసారి అంత గొడవ చేస్తేనే ఫోను వస్తుందని నేర్చుకుంటాడు. అందుకే ఊరికి వెళ్ళే వారం, చుట్టాలు వచ్చే వారం ఇది మొదలుపెట్టకండి.

సమస్య: బడిలో బుద్ధిగా ఉంటాడు, ఇంటికి రాగానే విరుచుకుపడతాడు.

కారణం: రోజంతా అణచుకున్న అలసట. దానికితోడు సిల్క్‌బోర్డు కూడలి ట్రాఫిక్కులో హారన్లు, ఇంట్లో మిక్సీ, కుక్కరు కూత.

పరిష్కారం: రాగానే "బడిలో ఏం చేశావు?" అని అడగకండి. నీళ్ళు, తినడానికి ఏదైనా ఇచ్చి కాసేపు వదిలేయండి. చెవులను కప్పి శబ్దం తగ్గించే ఇయర్‌మఫ్‌లు ఉపయోగపడతాయి, వినాయక చవితి డప్పుల నాడు, దీపావళి నాడు మరీనూ.

ఇక్కడ భాష గురించి కూడా చెప్పాలి. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, ఆటస్థలంలో కన్నడం ఉండటం వల్లే మాటలు రావడం లేదని, తెలుగు మానేయమని ఈ ఊళ్ళో చాలామందికి సలహా వస్తుంది. రెండు భాషల మధ్య పెరగడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకు మాటలు ఆలస్యమవుతాయని పరిశోధనల్లో తేలలేదు. తల్లికి ధారాళంగా వచ్చే భాషను బిడ్డకు దూరం చేయవద్దు. "నొప్పి", "వద్దు", "చాలు", "నీళ్ళు" ముందు తెలుగులోనే నేర్పండి. బొమ్మ కార్డులు మాత్రం ఇంట్లో, బడిలో ఒకటే ఉండాలి.

సమస్య: గొడవ తారస్థాయిలో ఉంది. ఇప్పుడేం చేయాలి?

పరిష్కారం: ఆ సమయంలో ఏ పాఠమూ ఎక్కదు. మాటలు తగ్గించండి. తోబుట్టువులను అవతలికి పంపండి, గట్టి వస్తువులు తీసేయండి. తల కొట్టుకుంటుంటే మధ్యలో దిండు పెట్టండి. మీద కూర్చోవడం, బోర్లా పడేసి అదమడం ప్రాణానికే ముప్పు. కొరికి పట్టుకుంటే చేతిని లాగకండి, గాయం పెద్దదవుతుంది. నోటివైపే కొద్దిగా నెడితే పట్టు సడలుతుంది. తిరిగి కొట్టడం, గదిలో పెట్టి గడియ వేయడం ఎంత అలసిపోయినా వద్దు. కొట్టవద్దని కొట్టి నేర్పలేం.

సమస్య: ఇవన్నీ చేసినా గాయాలు ఆగడం లేదు.

పరిష్కారం: హోసూరు రోడ్డులోని ప్రభుత్వ మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో పిల్లల, కిశోరుల మానసిక వైద్య విభాగం ఉంది. రాత్రివేళ మీకే దిక్కు తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోను చేయండి. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఆటిజంలో తీవ్రమైన చిరాకు, దూకుడు తగ్గించడానికి డాక్టర్లు రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ వంటి మందులు రాస్తారు. అవి ఆటిజాన్ని తగ్గించవు. ఆకలి, బరువు పెరగవచ్చు కాబట్టి తరచుగా తూకం చూడాలి. డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు, ఉన్నట్టుండి ఆపకూడదు.

సమస్య: "మీ వాడిని తీసుకెళ్ళండి" అని బడివాళ్ళు అంటున్నారు.

పరిష్కారం: 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆటిజం, మేధో వైకల్యం అందులో ఉన్నాయి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులు వివక్ష లేకుండా పిల్లలను చేర్చుకునేలా చూడాలని ఆ చట్టం చెబుతోంది. వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) తీసుకోండి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉంటే చాలా పథకాలకు అర్హత వస్తుంది. ఆటిజం, మేధో వైకల్యం ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు ఖర్చు భరిస్తుంది, పరిమితికి లోబడి థెరపీలకు కూడా. బడితో మాట్లాడేటప్పుడు బతిమాలడం కన్నా ఒక కాగితం మీద రాసి ఇవ్వండి: వాడికి ఏది చిరాకు తెప్పిస్తుంది, ముందు కనిపించే గుర్తులేమిటి, అప్పుడు టీచరు ఏం చేస్తే తగ్గుతుంది. ఆ కాగితం ప్రతి కొత్త టీచరుకూ, వ్యాను ఆయాకూ ఇవ్వండి. వాళ్ళకు తెలుగు రాకపోతే కన్నడంలో రాయించండి.